బండకు చల్లిన కళ్లాపి

అరచెయ్యి బండ మీద ఆనించి కిందికి లాగాను. భుజం ఎత్తునుంచి మోకాలి దాకా ఎక్కడా ఆగలేదు. తోమి బోర్లించిన కంచం మీద జారినట్టు జారిపోయింది. నాకు మొదటిసారి భయం వేసింది సరిగ్గా అప్పుడే. ఎందుకంటే నా సంచిలో ఉన్న నివేదిక ఆ రాయి గరుకుగా ఉందని చెబుతోంది.

చెయ్యి చున్నీకి తుడుచుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది. ఇంతలో కింద ఎక్కడో పసిబిడ్డ ఏడ్చింది. పక్కకు వంగి చూశాను. ఇంకా తీయని పెద్ద పలక బండ రోడ్డు మీదికి చూరులా చొచ్చుకొని ఉంది. దాని నీడలో గడ్డపారలు పాతి, పాత చీరలతో ఉయ్యాలలు కట్టారు. కూలికి వచ్చిన ఆడవాళ్ళ పిల్లలు వాటిలో పడుకుని ఉన్నారు. ఆ ఏడుపు వినగానే నాకు పాలు చేపుకొచ్చాయి. చిన్నవాడిని చిక్కబళ్ళాపురంలో మా అత్తమ్మ దగ్గర వదిలి, నేను మళ్ళీ పనిలో చేరి వారం కూడా కాలేదు.

ఇలాంటి జ్ఞాపకాలు రిటైరైన పెద్దవాళ్ళు తీరిగ్గా రాస్తారు. నాకు ఆ రోజు చాలా దూరం. కానీ ఈ ఏడు, రోడ్ల పక్క బండలను పరీక్షించే మా ఆఫీసులో చేరిన కొత్తవాళ్ళు గూళూరు రోడ్డు సంగతి ఒకరికొకరు తప్పుతప్పుగా చెప్పుకుంటున్నారు. ఒకరి కథలో నేను బండకు చెవి ఆనించి విన్నానట. పిల్లలు నిద్రపోయాక దొరికే ఈ కాస్త సమయంలో, జరిగింది జరిగినట్టు కొత్తవాళ్ళైన మీకోసం రాస్తున్నాను. నేను చెవి ఆనించలేదు.

బాగేపల్లి నుంచి గూళూరు మీదుగా చింతామణి వైపు పోయే రోడ్డును అప్పుడు వెడల్పు చేస్తున్నారు. ఒకచోట రోడ్డు గుట్టను ఒరుసుకుంటూ పోతుంది. అక్కడ గుట్ట పాదాన్ని కోశారు. మా వైపు గుట్టలు ఉల్లిగడ్డ మాదిరి పొరల మీద పొరలుగా ఉంటాయి. పాదం కోసేసరికి పై పొరకు కింద ఆనుకోవడానికి ఏమీ మిగల్లేదు. రోడ్డు వైపు వాలి, కింది పొర మీద ఊరికే కూర్చుని ఉంది. అది జారకుండా ఆపేది ఆ రెండు పొరల మధ్య ఉన్న గరుకు ఒక్కటే.

ఆ గరుకుకు మేము ఒక అంకె వేస్తాం. సున్నా అంటే అద్దం. ఇరవై అంటే కొత్తగా ఉలితో కక్కు కొట్టించిన రోలు. అంకె పెద్దదైతే బండకు రంధ్రాలు వేసి, కొన్ని ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, దాన్ని అక్కడే ఉంచేయవచ్చు. చిన్నదైతే రంధ్రాలు వేసే మిషను అదురుకే అది కదలవచ్చు. అప్పుడు రోడ్డు మూసి బండను దించేయడం తప్ప దారి లేదు. నివేదికలో అంకె పెద్దదే ఉంది. కడ్డీలు కూడా వచ్చి రోడ్డు పక్కన పడి ఉన్నాయి. ఇంకో రెండు రోజుల్లో రంధ్రాలు మొదలు.

ఆ అంకె తీసింది నా సహోద్యోగి. ఇద్దరం ఒకే కాలేజీలో, ఒకే బెంచీలో చదువుకున్నాం. నేను కాన్పు సెలవులో ఉన్నందువల్ల నా బదులు ఆయన వెళ్ళాడు. పై పొరలో ఒక ముక్కను ముందే తీసేశారు కాబట్టి, ఆ మేరకు కింది పొర బయటపడి ఉంది. నేను చెయ్యి పెట్టిన ఆ ముఖాన్నే ఫోటోలు తీశాడు. ఒకే చోటును అనేక వైపులనుంచి తీస్తే, కంప్యూటరు ఈ ఫోటోలోని మచ్చను ఆ ఫోటోలో, మరో ఫోటోలో గుర్తుపట్టి, అది ఎక్కడ ఎంత ఎత్తులో ఉందో లెక్కగడుతుంది. అలాంటి మచ్చలు లక్షల్లో కలిస్తే రాయి ముఖం మిట్టపల్లాలతో సహా తెర మీద లేస్తుంది. దువ్వెనలాంటి పరికరం పట్టుకుని రాయి మీద అదిమితే జానెడు గీత మాత్రమే దొరుకుతుంది. ఫోటోలు బండనంతా చూస్తాయి. అందుకే నాకు ఈ పనంటే మొదటినుంచీ ఇష్టం. ఆయనకూ అంతే. ఆయన అజాగ్రత్త మనిషి కాదు. అది ముందే చెప్పాలి.

కిందికి దిగి, కాంట్రాక్టరు తరఫున పని చూసే మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

"అప్పా, ఆ ఉయ్యాలలు అక్కడినుంచి తీయించండి."

"ఏంటికి మేడం? మీ ఆఫీసు వరదిలో, ఆ రిపోర్టులో, బండ బాగుండాదని రాసిండారు కదా. ఆ పేపరు చూసే గదా మేము కడ్డీలు తెప్పించింది."

"పేపరు సంగతి నేను చూసుకుంటాను. ముందు పిల్లల్ని తీయించండి."

ఆయన తల గోక్కుంటూ ఉయ్యాలల వైపు చూశాడు. అక్కడ పాతపాళ్య నుంచి వచ్చిన ఆడవాళ్ళకు పెద్ద ఒకామె ఉంది. యాభై దాటిన మనిషి. మేస్త్రికంటే ఆమె మాటే అక్కడ ఎక్కువ చెల్లేది. చేతిలో గంప దించకుండానే అడిగింది.

"యాడికి తీస్తాము మా? వడియాల మాదిరి ఎండలో పెట్టమంటావా బిడ్డల్ని?"

మిగతావాళ్ళు నవ్వారు.

"మా జీపుకు టార్పాలిన్ కట్టి నీడ చేస్తాను అక్కా."

"జీపు సాయంత్రానికి ఎల్లిపోతాది. బండ యాడికీ పోదు."

"పోతుందేమోననే నా భయం."

ఆమె నా ముఖం చూసింది. తర్వాత తడిసిన నా కుర్తా చూసింది.

"నీకూ చంటిబిడ్డ ఉండాడా?"

"ఉన్నాడు."

గంప కింద పెట్టి వెనక్కు తిరిగింది. "లెయ్యండే, ఉయ్యాలలు ఇప్పండి. ఈయమ్మ పేపరు చూసి చెప్తాండ్లేదు."

ఆ రోజు జీపు సాయంత్రం దాకా అక్కడే ఉంది. వెళ్ళేముందు టార్పాలిన్ విప్పి వాళ్ళకే ఇచ్చేశాను. ఆఫీసు టార్పాలిన్ అది. తర్వాత చాలాకాలం స్టోరు వాళ్ళు నన్ను అడుగుతూనే ఉన్నారు.

చిక్కబళ్ళాపురం ఆఫీసులో మా పైఅధికారికి విషయం చెప్పాను. మంచి మనిషి, కానీ నోరు పదును.

"చేత్తో తాకి చూశాను సార్. నున్నగా ఉంది."

"నీ అరచేతికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాదామ్మా?"

సంచిలోంచి నివేదిక తీసి ఆయన ముందు పెట్టాను.

"రోడ్డు మూయమని రోడ్ల ఇలాఖె ఇంజినీరుకు నేను ఏమని రాసేది? మా అమ్మాయి చెయ్యి జారింది, మీ పని నిలపండి అనా? నేను నమ్మను అని చెప్తాండ్లేదు. ఆయన్ని నమ్మించేది ఏదన్నా తీసుకురా. రంధ్రాలు మొదలయ్యే పొద్దున ఆయనే వస్తాడు. అంతవరకే నీకు టైము."

సహోద్యోగి పక్క టేబుల్ దగ్గరే కూర్చుని అంతా వింటున్నాడు. నేను ఆయన కుర్చీ పక్కకు కుర్చీ లాక్కునేసరికి ముఖం ముడుచుకున్నాడు.

"సెలవు నుంచి వస్తానే నా పనిలో పేలు చూస్తాండావు."

"పేలుంటే ఇద్దరి తలకూ ఎక్కుతాయి. నీ ఫోటోలు తియ్యి."

ఆయన తీసిన ఫోటోలను రెండు కుప్పలు చేశాం. ఒకటి విడిచి ఒకటి, ఇటు కొన్ని, అటు కొన్ని. ఒక్కో కుప్పతో విడిగా బండ ముఖాన్ని కట్టమని కంప్యూటరుకు ఇచ్చాం. రాయి ఒకటే, కెమెరా ఒకటే, రోజు ఒకటే. అందువల్ల రెండు ముఖాలూ ఒకటిగానే రావాలి. వచ్చినవాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాం. రెండూ గరుకుగానే ఉన్నాయి. కానీ ఒకదానిలో మిట్ట ఉన్నచోట రెండోదానిలో పల్లం ఉంది. పల్లం ఉన్నచోట చదునుగా ఉంది. ఒక్క గుంత కూడా తన చోట తాను లేదు.

ఆయన తెర దగ్గరికి వంగాడు. "రాయి ఒకటే గదా," అన్నాడు చిన్నగా.

"ఫోటోలకు ముందర ఏం చేయించినావు?"

"ట్యాంకరు తెప్పించి కడిగించినా. మట్టి, పాచి ఏమీ లేకుండా చీపుర్లతో రుద్దించినా. ముఖం చూసుకునే మాదిరి..."

ఆ మాట గర్వంగానే మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు.

ఈ పొరపాటు మా పని చేసేవాళ్ళు తప్ప ఎవరూ చేయరు. కొలిచే వస్తువును శుభ్రంగా ఉంచమని కాలేజీలో మాకు నేర్పించారు. ఆయన చుట్టాలు వస్తున్న ఇల్లులా బండను కడిగించాడు. పాచి మచ్చలు, వాన నీళ్ళ చారలు, తుప్పు గీతలు అన్నీ పోయాయి. కంప్యూటరు పట్టుకుని నడవాల్సినవి అవే. పైగా లారీలు ఆగే భోజనాల వేళ తీశాడు కాబట్టి మిట్టమధ్యాహ్నపు ఎండ తెల్లగా మెరిసింది. బోడిరాయి మీద కంప్యూటరు తడుముకుంటుంది. ఆ తడుములాట తెర మీద గరుకులాగే కనిపిస్తుంది. రాయి ఎంత నున్నగా ఉంటే అంత ఎక్కువ గరుకు చూపిస్తుంది. మీరు ఈ రాతలో ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

పైఅధికారి వచ్చి రెండు ముఖాలూ చూశాడు. "పాత అంకె తప్పని తేల్చినారు. సంతోషం. కొత్త అంకె యాడ?"

అదే చిక్కు. రాయి ఇప్పటికీ బోడిగానే ఉంది. దానికి మచ్చలు పెట్టాలి. రంగు పూస్తే గుంతలు పూడిపోయి మళ్ళీ అబద్ధమే వస్తుంది. పొడి చల్లితే గాలికి పోతుంది. సుద్దతో గీతలు గీద్దామా అంటే, గీతలన్నీ ఒకేలా ఉంటే కంప్యూటరు దేన్నీ గుర్తుపట్టదు. చిన్న మచ్చలు కావాలి, పలచగా కావాలి, ఏ రెండూ ఒకేలా ఉండకూడదు.

మర్నాడు పొద్దున ఇంటినుంచి బయలుదేరుతుంటే పక్కింటామె సిమెంటు వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. నేను స్కూటీ ఆపి అక్కడే నిలబడ్డాను. ఆమె మణికట్టు విసిరినప్పుడల్లా నీళ్ళు సన్నని చుక్కలుగా విడిపోయి పడుతున్నాయి. చిన్నవి, పెద్దవి, తోకవి, గుండ్రటివి. ఏ రెండూ ఒకటిగా లేవు.

"ఏమ్మా, పైన పడిందా?" అందామె.

"లేదక్కా. చల్లండి. ఇంకోసారి చల్లండి."

ఆ మధ్యాహ్నానికి గుట్ట దగ్గర రెండు బక్కెట్లు సిద్ధం చేశాం. ఒకదానిలో ఎర్రమన్ను నీళ్ళు, ఒకదానిలో మసి కలిపిన నీళ్ళు. రెండూ బట్టలో వడకట్టి పలచగా చేశాం. బయటపడిన కింది పొర దగ్గరికి, పలక బండకు దూరంగా, గుట్ట పక్కనుంచి ఎక్కే దారి ఉంది. ముందు మేస్త్రి చెయ్యి ముంచి విసిరాడు. ముద్దగా ఒకచోట పడి కారింది.

పాతపాళ్య ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏందప్పా అది, ఎద్దు మింద నీళ్ళు పోసినట్టు. జరుగు."

బక్కెట్టు అందుకుని, వేళ్ళు ముంచి, మణికట్టు విదిల్చింది. చుక్కలు తుప్పరగా రాలాయి. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఆమె పక్కన చేరారు.

"ఈ బండకు పెండ్లా మా?" అడిగింది ఒకామె.

"కాదులే, పరీక్ష," అన్నాను.

"ఇంటి ముందర ఇన్నేండ్లు చల్లినా ఎవురూ కూలి ఇయ్యలే. బండ ముందర చల్లితే ఇస్తారంట. ఇంటికి పోయి మా ఆయనకు చెప్తా."

మా ఇంట్లో వంటగది కట్టినప్పుడు మిగిలిన నున్నటి టైలు ఒకటి, మా అమ్మగారింట్లో విరిగిన రోటి ముక్క ఒకటి తెచ్చాను. చింతామణి నుంచి ఆ రోటి ముక్కను బస్సులో పంపడానికి మా అమ్మ కండక్టరుతో పడ్డ గొడవ వేరే కథ. రెండింటినీ బండ పక్కన ఆనించి, వాటి మీద కూడా అవే చుక్కలు చల్లించాను. మా కొలత టైలును టైలులా, రోటిని రోలులా చూపిస్తే, మధ్యలో ఉన్న బండ గురించి చెప్పేది కూడా నమ్మవచ్చు. ఆ ఆలోచన నాదే. ఎవరైనా తమదని చెబితే నమ్మకండి.

మూడో పొద్దున, ఎండ బండ మీదికి రాకముందే ఫోటోలు తీశాం. ముందు నేను ఒక విడత మొత్తం తీశాను. తర్వాత కెమెరా సహోద్యోగికి ఇచ్చి, నా ఫోటోలు చూడకుండా ఇంకో విడత మొత్తం తీయమన్నాను. జీపులో కూర్చుని రెండింటినీ విడివిడిగా కట్టించాం. ల్యాప్‌టాప్ వేడెక్కి బుసలు కొడుతుంటే ఆయన నివేదిక అట్టతో విసిరాడు. "ఈ పేపరు దేనికన్నా పనికొచ్చింది," అన్నాడు. అప్పుడు ఇద్దరం మళ్ళీ కాలేజీ రోజుల్లోలా నవ్వుకున్నాం. కింద రంధ్రాల మిషనును మేస్త్రి అప్పటికే బండ దగ్గరికి చేర్చి ఉన్నాడు. దాన్ని తిప్పేవాడు హెల్మెట్ పెట్టుకుని తయారుగా ఉన్నాడు. వాడు నిలబడేది సరిగ్గా ఉయ్యాలలు ఉండిన చోట.

రోడ్ల శాఖ నుంచి ఇలాఖె ఇంజినీరు వచ్చాడు. పెద్ద వయసు, తక్కువ మాటలు. జీపు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి ముందు పాత ఫోటోలతో చేసిన రెండు ముఖాలు చూపించాను. "సార్, ఒకే రాయి. గుంతలు చోటు మారినాయి."

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు.

తర్వాత కొత్త ముఖాలు రెండూ చూపించాను. ఒకటి నేను తీసింది, ఒకటి నా సహోద్యోగి తీసింది. ఒకదాని మీద ఒకటి పెడితే అతికినట్టు కూర్చున్నాయి. ఒక మూల ఉన్న సన్న గీత కూడా రెండింటిలో ఒకేచోట ఉంది. పక్కన టైలు చదునుగా ఉంది. రోటి ముక్క కక్కులతో సహా లేచి ఉంది. బండ, జారే దిశలో చూస్తే, టైలుకు దగ్గరగా ఉంది. అంకె నాలుగు.

"ఇది ఎవరు చెక్ చేశారు?" అని తెలుగులోనే అడిగాడు.

"నన్ను ఆయన, ఆయన్ని నేను," అన్నాను సహోద్యోగిని చూపిస్తూ.

మేస్త్రి మధ్యలో వచ్చాడు. "సార్, ఉద్ఘాటనకు మినిస్టరు గారి డేట్ ఇచ్చేసిండారు. ఇప్పుడు రోడ్డు మూస్తే..."

ఇంజినీరు తల తిప్పకుండానే కన్నడంలో అన్నాడు. "ఉద్ఘాటనె దిన బండె బిద్దరె యారు ఉత్తర కొడ్తారె? నీనా?" ప్రారంభోత్సవం రోజు బండ పడితే జవాబు చెప్పేది నువ్వా అని. తర్వాత నా వైపు తిరిగాడు. "బండె ఇళిసోకె ఎష్టు దిన బేకమ్మా?"

దించడానికి ఎన్ని రోజులు కావాలని అడిగాడు. దించాలా వద్దా అని అడగలేదు. మిషను తిప్పేవాడు హెల్మెట్ తీసి నెత్తి తుడుచుకున్నాడు. నేను ల్యాప్‌టాప్ మూశాను.

రోడ్డు మూశారు. బండను పైనుంచి కొద్దికొద్దిగా పగలగొట్టి దించాలని పద్ధతి రాసిచ్చాం. దించిన రోజు నేను, సహోద్యోగి ఇద్దరం ఉన్నాం. రెండు వైపులా బస్సులు ఆగిపోయాయి. ప్రయాణికులు దిగి, ఆపినంత దూరంలో నిలబడి చూస్తున్నారు. బ్రేకర్ మిషను గుట్ట పైన, గట్టి రాయి మీద నిలబడి, పలక బండ పై అంచును కొట్టడం మొదలుపెట్టింది. కొన్ని దెబ్బలు పడ్డాయో లేదో, బండ కదిలింది. ఒక మూల కాదు, మొత్తం. చాప లాగినట్టు ఒక చప్పుడు వచ్చింది. తర్వాత పెద్ద చప్పుడు. తర్వాత దుమ్ము.

దుమ్ము తగ్గాక చూస్తే, పలక మూడు ముక్కలై రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఉయ్యాలలు ఉండిన చోటు దాని కిందికి పోయింది. రంధ్రాల మిషను పెట్టిన చోటు కూడా.

పిల్లలు ఆ రోజు దరిదాపుల్లో లేరు. గూళూరు వైపు మలుపు దాటి, వాళ్ళ టార్పాలిన్ కింద ఉన్నారు. అయినా పాతపాళ్య ఆమె కొంగు నడుముకు చుట్టుకుని అంత దూరమూ నడిచి వెళ్ళింది. ఒక్కొక్క ఉయ్యాలలో చెయ్యి పెట్టి తడిమి చూసుకుని తిరిగొచ్చింది. నా పక్కన నిలబడింది.

"ఒగడు మాత్రం మేలుకోనుండాడు," అంది. "చప్పుడుకు నవ్వుతాండాడు."

సాయంత్రం, బండ జారిన చోట బయటపడిన కొత్త ముఖం దగ్గరికి సహోద్యోగి ఎక్కాడు. అరచెయ్యి ఆనించి కిందికి లాగాడు. దిగి వచ్చి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటూ అన్నాడు.

"నాలుగు గూడా ఎక్కువేసినావు."

ఆ మాట నాకు ఇప్పటికీ అవార్డు కింద లెక్క. ఈ రోజు మా ఆఫీసులో రెండు విడతలు తీయకుండా, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడకుండా, ఎవరూ గరుకు అంకె ఇవ్వరు. ఆ నియమం రాసింది నా సహోద్యోగి. కళ్లాపి ఎలా చల్లాలో కొత్తవాళ్ళకు చూపించేది కూడా ఆయనే. చెయ్యి బాగా తిరిగింది. నేను భయస్తురాలినని ఆఫీసులో అందరికీ తెలుసు. పిల్లలు బడికి చేరారని ఫోను వచ్చేదాకా నా చెయ్యి పనిమీదికి పోదు. ఇంతకుముందు దానికి సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు పడను. భయపడండి, తర్వాత దాన్ని కొలవండి. రెండోది చేయకపోతే మొదటిది ఎవరికీ పనికిరాదు.

బండ దించిన మర్నాటి పొద్దున, చిన్నవాడిని ఒడిలో పెట్టుకుని పెద్దదానికి దోసె తినిపిస్తున్నాను. అది అప్పుడు ఒకటో తరగతి. వాళ్ళ అవ్వ దానికి అప్పటికే సంగతి చెప్పేసింది.

"మా, నువ్వు కొండంత బండ పడేసినావంట."

"కొండంత కాదు. మన ఇల్లంత."

"ఎవురి మింద పడింది?"

"ఎవురి మిందా పడలే."

"బస్సు మింద?"

"లేదు."

అది కొంచెం ఆలోచించింది. "మేక మిందన్నా?"

"మేక మింద గూడా పడలే."

నోట్లో దోసె నమలడం ఆపి నన్నూ, తమ్ముడినీ మార్చి మార్చి చూసింది. "అట్లయితే ఏమీ జరగలేదు కదా మా."

"జరగలే," అన్నాను ఇద్దరికీ. "ఏమీ జరగలే. దానికోసమే మీ ఇద్దర్నీ ఇడిసిపెట్టి ఇన్ని దినాలు పోయొచ్చినా."